మా గదిలో చేతుల మాటలు

సూరత్ నవాగామ్‌లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసే పని మొదలుపెట్టింది నేనేనని చాలామందికి చెప్పాను. చాయ్ దుకాణం దగ్గర చెప్పాను, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను, ఊరికి పోయినప్పుడు మా తమ్ముడికి కూడా చెప్పాను. నలభై మంది పిల్లలని కూడా అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి సరిదిద్దుకుంటాను. మొదలుపెట్టింది మా ఆవిడ. పిల్లలు తొమ్మిది మంది. అందులో ఒకడు శనివారాలు రాడు. నేను ఆ గదిలో గోడకు ఆనుకుని ఉండే ఒక సామానును.

నేను సూరత్ వచ్చింది సాంచాల మీద పనికి. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్కో షెడ్డులో అలాంటివి పదుల కొద్దీ ఒకేసారి కొట్టుకుంటూ ఉంటాయి. వాటి మధ్య ముప్పై ఎనిమిదేళ్లు నిలబడ్డాను. మోకాళ్లు మొరాయించాక ఇంటికి చేరాను. అప్పటికే మా ఆవిడ దగ్గర ముగ్గురు పిల్లలున్నారు. మా గల్లీలో ఆడవాళ్లు చీరలు మడతపెట్టే పనికో, చీరల మీద రాళ్లు అతికించే పనికో పొద్దున్నే పోతారు. మగవాళ్లు పాండేసర మిల్లుల్లో ఉంటారు. ఒకామె "జర చూస్తుండు పెద్దమ్మా" అని తన పిల్లను వదిలిపోయింది. ఆమెను చూసి ఇంకొకామె వదిలింది. అలా మా ఒక్క గదీ, ముందున్న రేకుల వరండా నిండిపోయాయి.

సంఘమే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మా ఆవిడలాగా ఇళ్లల్లో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లను ఒక చోట చేర్చే సంఘం అది. దాని తరఫున ఒక బెన్ వచ్చేది, బెన్ అంటే ఇక్కడ అక్క అని. గుజరాతీ మనిషి, కాస్త భారీ విగ్రహం. మా గల్లీల్లో తిరిగి తిరిగి మా మాట నేర్చుకుంది. ఏదో తప్పుపట్టి మూయించడానికి వచ్చిందనుకుని మొదటి రోజు నేను తగువుకు సిద్ధమయ్యాను. ఆమె తెచ్చింది ఒక పెద్ద చాప, మెట్ల దగ్గర పిల్లలు దొర్లిపోకుండా అడ్డం పెట్టే చెక్క తలుపు, దెబ్బలు తగిలితే వాడే మందుల డబ్బా. తగువు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాయ్ తాగుతావా అని అడిగాను.

నెలకు రెండుసార్లు ఆ ఆడవాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో కూర్చునేవారు. ఒకామెకు జ్వరం వస్తే ఆమె పిల్లల్ని పక్క గల్లీ ఆమె చూసుకునేది. మా ఆవిడ నోట "నా పని" అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. విన్నాను అన్నాను కదా, అసలు సంగతి అక్కడే ఉంది.

బెన్ ఒక కాగితం నింపుతూ, ఇంట్లో ఇంకెవరుంటారని అడిగింది. మా ఆవిడ నన్ను చూపించింది.

"కాకా, చెవులు బరాబర్ వినిపిస్తాయా? పిల్లలు ఏడిస్తే తెలవాలె కదా."

"ఏం మాటన్నవ్ బెన్! అరవై సాంచాలు నడుస్తుంటే ఏ సాంచ మీద దారం తెగిందో కండ్లు మూసుకొని చెప్పినోణ్ని."

ఆమె రాసుకుంది. నిజమేమిటంటే, తెగిన దారాన్ని నేనెప్పుడూ చెవితో పట్టలేదు, కంటితో పట్టాను. ఆమె అడిగిన ప్రశ్న కూడా పెదాల కదలిక చూసి పట్టిందే. మనిషి మొహం ఎదురుగా కనిపిస్తే నాకు మాట అందుతుంది. వెనక నుంచి పిలిస్తే మాత్రం గోడను పిలిచినట్టే. సాంచాల మధ్య ఏళ్లు గడిపిన మాలో చాలామందిది ఇదే కథ. ఒకరికొకరం చెప్పుకోం, అంతే.

ఆ చప్పుడులో నోరు దండగ కాబట్టి షెడ్డులో మేం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు పెదాలకు తాకిస్తే నీళ్లు. చిటికెన వేలు చూపిస్తే బయటికి పోయి రావాలి. కడుపు మీద అరచేత్తో గుండ్రంగా రాస్తే సేఠ్ వస్తున్నాడు, బుద్ధిగా కనిపించు అని. ఇవి పిల్లలకు ఎప్పుడు నేర్పానో నాకే గుర్తులేదు. వాళ్ల ఏడుపు నాకు అందదు కాబట్టి ఏం కావాలో చూపించమన్నాను, వాళ్లు చూపించారు. కొద్ది రోజుల్లోనే నడక సరిగా రాని పిల్లలు కూడా పెదాలకు బొటనవేలు పెట్టుకుని నా ముందు నిలబడేవారు. గది నిశ్శబ్దమైపోయిందని అందరూ అన్నారు. నాకైతే ముందు నుంచీ నిశ్శబ్దమే.

"ఏం మంత్రమేసినవ్ పెద్దబాపూ? ఒక్కలు గూడ లొల్లి పెడ్తలేరు!" అనేవారు పని నుంచి వచ్చిన తల్లులు.

"చెప్తే మంత్రం పని చెయ్యది బిడ్డా," అనేవాణ్ని, మీసం సవరించుకుని.

ఆ తొమ్మిది మందిలో ఒక పాప ఉండేది. ఏడాది నిండకముందు నుంచీ మా దగ్గరే. రెండున్నరేళ్లు వచ్చాయి. ఎవరి చెప్పులు ఎవరివో చెప్పగల తెలివైన పిల్ల. చెప్పగల అన్నాను గానీ, చూపించగల అనాలి. ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు.

ఒకరోజు సాయంత్రం దాని తల్లి గడప దగ్గరే ఆగిపోయింది.

"పెద్దమ్మా, మా అత్త వీడియో కాల్ల పోరిని చూసింది. మూగదా ఏంది అనడిగింది. జగిత్యాల్ల నా దగ్గర ఉంచుండ్రి, నేను మాట నేర్పుత అని మా ఆయనను ఒక్క తీరుగ సతాయిస్తున్నది. వచ్చే నెల మా మరిది వస్తున్నడు. ఆయనెంబడి పంపుడే."

"మరి నువ్వు?" అంది మా ఆవిడ.

"నేనెట్ల పోత? నేను పని బంద్ చేస్తే ఈడ ఎల్లదు. పిల్ల ఆడ, నేనీడ." పాపను ఎత్తుకుని మెట్లు దిగింది. తల్లి భుజం మీద నుంచి పాప నావైపు చూసి రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. అయిపోయిన ప్రతిదానికీ మా పిల్లలు ఆ సైగే వాడేవారు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదని రాద్దామనుకున్నాను. తిన్నాను. కానీ మా ఆవిడ మొహం చూడలేకపోయాను.

మర్నాడు ఆమె బెన్‌కు ఫోన్ చేసింది. బెన్ వచ్చి, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటానంది. ఆమె గడపలో అడుగు పెట్టగానే తొమ్మిది మందీ కడుపుల మీద గుండ్రంగా రాసుకుని, బాసింపట్లు వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. బెన్ వాళ్లను చూసింది, తర్వాత తన కడుపు చూసుకుంది.

"ఏంది కాకా, పిల్లలకు కడుపునొప్పా?"

"నీకు మర్యాద చేస్తుండ్రు బెన్."

మధ్యాహ్నం దాకా ఆమె పిల్లల్నీ నన్నూ చూస్తూ కూర్చుంది. అన్నాలయ్యాక నా వెనక్కి వెళ్లి స్టీలు పళ్లెం కింద పడేసింది. పిల్లలంతా ఉలిక్కిపడి తిరిగారు. అందరికంటే ముందు తిరిగింది ఆ పాప. వాళ్లందరూ దేన్ని చూస్తున్నారా అని నేను ఆఖరున తిరిగాను. పళ్లెం కంటే ముందు మూడుసార్లు "కాకా" అని పిలిచిందట. అది మా ఆవిడ తర్వాత చెప్పింది.

బెన్ వచ్చి నాకెదురుగా కూర్చుంది. నిదానంగా, నోరు పెద్దగా తెరిచి మాట్లాడింది.

"పాప చెవి బరాబర్ ఉంది కాకా. నీది?"

"రెండు దినాల నుంచి జలుబు బెన్..."

ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"రెండు దినాలు గాదు. ఇరవై ఏండ్లయితుంది," అన్నాను.

మా ఆవిడ చేతిలో చీపురు ఆగిపోయింది. "ఇరవై ఏండ్లా? పిలిస్తే పలుకకపోతివి, నేను పొగరనుకున్న గదయ్యా!"

"సగం పొగరే," అన్నాను. ఆ రోజు నిజాలు వరసగా వచ్చేస్తున్నాయి.

నన్ను ఆ గదిలో ఉండొద్దంటుందనీ, మా ఆవిడ పేరు సంఘంలోంచి కొట్టేస్తుందనీ అనుకున్నాను. అబద్ధమాడింది నేను, ఆమెను ఏమీ అనొద్దు అన్నాను. బెన్ నవ్వింది.

"ఎవరు కొట్టేస్తరు? చేతులు మంచియే కాకా. పిల్ల చేత్తో అడిగితే ఏం నష్టం లేదు. కానీ నీళ్లు అడిగితే నువ్వు నీళ్లే ఇస్తవ్, మాట ఇవ్వవు. నీ ఇంటామెకు వంట, పాలు, తొమ్మిది మంది ముక్కులు. ఆమె కబుర్లు ఎప్పుడు చెప్తది?"

ఆ వారమే ఆమె పాపనూ తల్లినీ నన్నూ వెంటబెట్టుకుని సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయింది. పాపకు ఏ లోపమూ లేదనీ, దానితో బాగా మాట్లాడమనీ డాక్టరు చెప్పాడు. నా చెవికి ఒక మిషను ఇచ్చారు. జర్మనీ నుంచి తెప్పించారని చాయ్ దుకాణంలో చెప్పాను. నిజానికి ఆస్పత్రి బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చారు. తర్వాత బెన్ ఆ తల్లి ఇంటికి పోయి, మరిది వచ్చేదాకా ఆగండి, అప్పుడు ఆలోచించండి అని ఒప్పించి వచ్చింది.

మిగిలింది మా పని. సంఘం ఆడవాళ్లు వంతులేసుకున్నారు. రోజుకొకామె తన దగ్గరున్న పిల్లలతో సహా మా గదికి వచ్చేది. ఆ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని గంటసేపు పప్పు గురించీ పిట్టల గురించీ మొగుడి గురించీ చెప్పేది. ఎవరికి వాళ్లకు ఇంటెడు పని ఉన్నవాళ్లే. ఒక్కరూ వంతు తప్పలేదు. ఈ ఊళ్లో నాకు ఇన్నేళ్లలో ఎవరూ అంత సాయం చేయలేదు. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.

నాకూ డ్యూటీ పడింది. పిల్ల బొటనవేలు చూపిస్తే "నీళ్లా? నీళ్లు గావాల్నా? ఇగో నీళ్లు" అనాలి. షెడ్డులో నోరు కట్టేసుకున్న మనిషిని, దవడలు నొప్పి పుట్టేవి. రెండో రోజే మానేద్దామనుకున్నాను. మా ఆవిడ చాయ్ బంద్ అంది. మాట్లాడాను.

పాప విన్నది, నవ్వింది. నోరు మాత్రం విప్పలేదు.

మరిది రావడానికి నాలుగు రోజులుందనగా, ఒక పొద్దున మాట్లాడి మాట్లాడి అలిసిపోయి, మిషను తీసి పక్కన పెట్టి కునుకు తీస్తున్నాను. రెండు చిన్న చేతులు నా చెంపలు పట్టుకుని మొహాన్ని తమవైపు తిప్పాయి. మొహం చూపిస్తేనే ఈ ముసలాడికి మాట అందుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనే కనిపెట్టింది. కళ్లు తెరిచాను. ఎదురుగా ఆ పెదాలు కదిలాయి.

"జరుగు."

దాని బొమ్మకు కప్పే దుప్పటి మీద కూర్చున్నాను నేను. కదల్లేకపోయాను. ఇంకోసారి అంది. మా ఆవిడ వంట దగ్గర నుంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. అంటే నోరు ఊరికే ఆడలేదన్నమాట, శబ్దం కూడా వచ్చింది.

సాయంత్రం తల్లి రాగానే నేనే ఎదురుపోయాను. "నీ బిడ్డ మాట్లాడింది! తాత అన్నది!"

"అబద్ధం బిడ్డా. జరుగు అన్నది," అంది మా ఆవిడ.

తల్లి కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. "అది నా మాటే పెద్దమ్మా! ఉన్నదొక్క మంచం. పొద్దుగాల లేస్తే మా ఆయనతోని నేను అనేది గదే."

మేం ఇన్ని రోజులు నీళ్లు, పాలు, పిట్టలు అని గొంతు అరగదీసుకుంటే ఆ పిల్ల అమ్మ మాటను దాచిపెట్టుకుంది. నేర్పింది నేనేనని చెప్పుకునే దారి కూడా లేకుండా పోయింది. ఆమె అక్కడే నిలబడి అత్తకు వీడియో కాల్ కలిపింది. ఫోను నిండా తల్లి మొహమే ఉందని పాపకు కోపమొచ్చింది.

"జరుగు!"

"ఎవల్ని జరుగుమంటున్నది పోరి?" అంది జగిత్యాల అత్త.

"నన్నే అత్తమ్మా, నన్నే!"

మరిది వచ్చాడు. నాలుగు రోజులుండి, ఊరంతా తిరిగి, ఒక్కడే రైలెక్కాడు. ఆ మర్నాడు పాప ఎప్పటిలాగే వచ్చి, నేరుగా నా దగ్గరికి నడిచి, నా మొహం తనవైపు తిప్పుకుని జరగమంది. ఇంకా ఎవరూ రాలేదు, గదంతా ఖాళీగానే ఉంది. నేను జరిగాను.