గల్లీ మొత్తానికి ఒక్క ఫోన్

1986లో హన్మకొండలోని మా గల్లీ మొత్తానికి ఒక్క ఇంట్లోనే ఫోన్ ఉండేది. ఆ ఇంటావిడను అందరం ఫోనక్క అనేవాళ్లం. ఆమె భర్త మిర్చి వ్యాపారి. "మీ ఫోనే అనుకోండ్రి, పైస ఇయ్యొద్దు" అని గల్లీ వాళ్లందరికీ నంబరు పంచి, తను ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాడు. పేరు ఆయనది, పరుగు ఆమెది.

ఫోన్ మోగితే "లైన్ల ఉండుండ్రి, పిలుస్త" అని రిసీవర్ పక్కన పెట్టి బయటికి రావాలి. దర్జీ కట్టయ్యకైతే అరుగు మీంచి ఒక్క కేక చాలు. చిలుకమ్మ కోసం గల్లీ చివరిదాకా ఎండలో నడిచి తలుపు తట్టాలి. ఎవరికి ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియదు కాబట్టి ఆమె ఇల్లు కదలకూడదు. చెల్లెలి బిడ్డ పుట్టెంట్రుకలకు పోతానన్నా భర్త, "మరి ఫోన్ ఎవలు ఎత్తుతరు?" అన్నాడు. సిగ్గులేకుండా మేమూ అదే అడిగాం.

ఒకరోజు నేను మా అన్న ఫోన్ కోసం అక్కడే కూర్చున్నాను. ఫోన్ మోగింది. "సుగుణ ఉన్నదా? ఆమెతోని సదువుకున్న శారదను" అన్న గొంతు నాక్కూడా వినపడింది.

"లైన్ల ఉండుండ్రి, పిలుస్త" అంది ఫోనక్క. అరుగు మీదికి వచ్చి, "సుగుణా!" అని గట్టిగా కేకేసింది.

ఎవరూ పలకలేదు. అది ఫోనక్క పేరేనని గుర్తు రావడానికి నాకూ కాసేపు పట్టింది.