మడికొండ రాయికి ఏడు స్నానాలు

పెళ్లయిన మూడో నెలలో మా ఆయన హైదరాబాదు నుంచి ఒక గాజు తొట్టి, అందులోకి ఆరు ఎర్ర చేపలు తెచ్చాడు. ఎనభైల మొదట్లో మాట. కాశిబుగ్గలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. బియ్యం డబ్బా పెట్టడానికే చోటులేని ఇంట్లో చేపలకు కాపురమేమిటని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ తొట్టిని బస్సులో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చానని ఆయన మురిసిపోతూ చెబుతుంటే, ఆ మొహం చూసి ఊరుకున్నాను. చేపలు దాక్కోవడానికి తొట్టిలో రాళ్లు ఉండాలట. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సైకిలు మీద మడికొండ గుట్ట దాకా వెళ్లి, క్యారియర్‌కు గోనెసంచి కట్టి మూడు రాళ్లు మోసుకొచ్చాడు.

"ఆ రాళ్లు నాకియ్యుండ్రి. నేను కడుగుత," అన్నాను.

నేను ఆసుపత్రిలో నర్సును. శుభ్రం గురించి నాకు ఇంకొకరు చెప్పే పనిలేదని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. మా ఇంట్లో చెంచాలను కూడా ఉడకబెట్టేదాన్ని. మేకలు తిరిగిన రాళ్లను ఉత్త నీళ్లతో కడిగితే నా చదువుకే అవమానం. సబ్బు పెట్టి తోమాను. బకెట్టులో ఫినాయిల్ పోసి మర్నాడు మధ్యాహ్నం దాకా నానబెట్టాను. రెండుసార్లు నీళ్లలో ముంచి తీసి తొట్టిలో సర్దాను. ఆయన పక్కనే నిలబడి చూశాడు. సాయంత్రానికి నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. మిగిలిన రెండింటిని హడావుడిగా మంచినీళ్ల బిందెలోకి మార్చాం.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నా ప్రాణం తీసింది. తిడితే నేనూ నాలుగు తిట్టేదాన్ని, అంతటితో అయిపోయేది. ఈ మనిషి అసలు మాటలే మానేశాడు. అడిగితే "ఊ" అనడం, అడక్కపోతే అదీ లేదు. ఇలా జన్మంతా గోడతో కాపురం చేయాలా అని నాకు నిజంగానే భయం వేసింది. ఆ రెండు చేపలూ బతికి, మళ్లీ రాళ్ల మధ్య ఈదితే తప్ప ఈయన నోరు తెరవడని తేల్చుకున్నాను.

మా ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఒక పెద్దాయన ఇంట్లో చేపలు పెంచుతాడని తెలిసి, సిగ్గు విడిచి అడిగాను. ఫినాయిల్ మాట వినగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రాయి గూడ నీళ్లు తాగుతదమ్మా. సబ్బయినా ఫినాయిలయినా లోపలికి గుంజుకొని, తర్వాత మెల్లగ కక్కుతది. ఉత్త బ్రష్ తోటి రుద్ది, మీది నుంచి వేడినీళ్లు గుమ్మరించు. గిన్నెల ఏసి ఉడకబెట్టకు, పేలుతది. నిమ్మకాయ పిండి చూడు. నురగొస్తే అండ్ల సున్నమున్నట్టు, అవతల పడెయ్యి. రాకుంటే ఏడొద్దులు నీళ్లల్ల పెట్టి, రోజూ నీళ్లు మార్చు."

పాత రాళ్లు పారేశాం. మా ఆయన మాట్లాడకుండానే మళ్లీ మడికొండ వెళ్లాడు. ఈసారి ఒక్క రాయే తెచ్చాడు. నా మీద నమ్మకం ఆ మేరకే మిగిలిందన్నమాట.

రోజూ డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో ఆ రాయికి నీళ్లు మార్చేదాన్ని. ఒకసారి నిమ్మరసం పిండితే మనసు కుదుటపడక, మూడు రోజులు పిండాను. నురగ రాలేదు. అదే వాకిట్లో నూలు కండెలు చుట్టుకునే పక్కింటి అవ్వ ఇదంతా చూస్తూ ఉండేది. ఎనిమిదో రోజు పొద్దున రాయిని పీట మీద ఎండకు పెట్టి డ్యూటీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రాయికి నిలువెల్లా పసుపు, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, మెడలో పసుపు నూలు పోగు. రాయికి మెడ ఎక్కడుందో అవ్వకే తెలియాలి.

"రోజూ తానం జేపిస్తానవు, నిమ్మకాయలు కోస్తానవు, బొట్టు మాత్రం పెడ్తలేవు," అంది అవ్వ. "మీరు ఏసు దేవునోళ్లు గదా, భయపడ్తానవనుకున్న. పిల్లల కోసమే గదా బిడ్డా మొక్కుకున్నవు? నీ బదులు నేనే పెట్టిన. ఫికర్ చెయ్యకు, మీ దేవునికి గూడ చెప్పిన."

చేపల కోసమని చెబితే ముసలామె ఎంత నొచ్చుకుంటుందో. పసుపు పీల్చిన రాయిని తొట్టిలో పెడితే ఆ రెండు చేపలూ ఏమవుతాయో. పోనీ కడుగుదామంటే, అవ్వ కళ్లముందు ఆమె బొట్టు పెట్టి నిలిపిన పోచమ్మను బ్రష్ పెట్టి తోమే గుండె నాకు లేదు. ఏడు రోజుల చాకిరీ పీట మీద పచ్చగా కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడే ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. రాయిని చూశాడు, నన్ను చూశాడు. అవ్వకు దండం పెట్టి గబగబా లోపలికి వెళ్లి, మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను వెనకే వెళ్లి, స్టవ్ మీద అన్నం పడేసి, అక్కడి నుంచే అందుకున్నాను. "ఇన్నొద్దులు నోరు కుట్టుకొని ఇప్పుడు నవ్వుతాన్రా? నాలుగు చేపలకు నన్నింత సాధిస్తరా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీ మీద కోపం గాదు," అన్నాడు. "ఆనాడు నువ్వు రాళ్లు తొట్టిల పెట్టంగనే నాకు ఫినాయిల్ వాసనొచ్చింది."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు నర్సువి. నీకు తెల్వదా అని ఊకున్న. చేపలు సచ్చినంక ఏ మొహం పెట్టుకొని చెప్పాలె?"

నేను అక్కడే కూలబడ్డాను. వార్డులో ఆయాలు నన్ను చూస్తే భయపడతారని తెలుసు. అది నాకు గర్వంగానే ఉండేది. నా నర్సు తెల్లచీరను చూసి, కట్టుకున్నవాడు కూడా భయపడుతున్నాడని తెలిసేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. నేను కోపమనుకున్నది కోపం కాదు. పాపం, ఆ నాలుగు చేపల్నీ తనే చంపినట్టు లోలోపల నలిగిపోయాడు. కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇగనుంచి మీకు ఏ వాసనొచ్చినా నోరు తెరిచి చెప్పుండ్రి," అన్నాను చివరికి.

ఆయన తలూపాడు. నా మొహం వంక చూశాడు, స్టవ్ వైపు చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. ధైర్యం కూడగట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"అన్నం మాడుతాంది," అన్నాడు.