చెప్పుల దగ్గర ఎవరున్నరు?

మొన్న వానలో చిక్కడపల్లి గుడికి వెళ్తే, మెట్ల దగ్గరే తడిసిన తోలు వాసన గుప్పుమంది. స్టాండు నిండిపోయి చెప్పులన్నీ పక్కన గుట్టగా పడి ఉన్నాయి. ఇంకొకరైతే ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఖాట్మండు గుర్తొచ్చింది, దాని వెనకే ప్రమీలక్క. ఆమెను ఎరగని వాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే గరిటెతో మొదలుపెట్టడమే న్యాయం.

తొంభైల్లో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నన్ను పిలిచి ఉద్యోగమిచ్చింది ఆమె. నారాయణగూడలో ఒక మేడమీది ఒంటిగది ఆమె ఆఫీసు. టైపిస్టు ఉద్యోగం వదిలేసి, వాడకట్టు వాళ్ళను ముందు కాశీకి, ఆ తర్వాత నేపాలుకు తీసుకుపోవడం మొదలుపెట్టిన మనిషి. వెంట వంటమనిషి, గిన్నెలు, పచ్చళ్ళ జాడీలు ఉండాల్సిందే. జనంలో తన వాళ్ళు తప్పిపోకుండా, వంటమనిషి దగ్గరున్న పెద్ద గరిటెను తనే తల పైకి ఎత్తి పట్టుకుని ముందు నడిచేది. "గొడుగైతే అందరి చేతుల ఉంటది. గంటె ఎవరు పట్టుకుంటరు?" అనేది. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. రెండోసారి టీ అడిగామంటే మా ఏడు తరాలనూ తవ్విపోసేది.

ఆమె యాత్రల్లో ఒక ఆనవాయితీ ఉండేది. రాత్రి భోజనాల తర్వాత ప్రతి ఒక్కరూ ఆ రోజు చూసినవాటిలో ఒక్కటి చెప్పాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. "ఫోటోలు అల్మారాల పడుంటయి. నోటితోని చెప్పింది యాదికుంటది" అనేది. మొదట్లో ఇదంతా చిన్నపిల్లల ఆట అనుకున్నాను.

నా మొదటి యాత్రలో ఖాట్మండుకు దొరికింది ఒకే ఒక్క రోజు. మర్నాడు ఆరింటికే బస్సు తిరుగు ప్రయాణం. ఆ ఒక్క రోజులో పశుపతినాథుడు, బౌద్ధ స్తూపాలు, పాత రాజుల కోట, పక్క ఊరు పటాన్, చివర్లో న్యూరోడ్డులో ఫారిన్ సామాన్ల బేరాలు. అక్కడి గడియారం మనకన్నా పావుగంట ముందుంటుంది. "ఒక్క దినానికి ముల్లు తిప్పుడెందుకు" అని ప్రమీలక్క తన వాచీని ముట్టుకోలేదు. ఇంకేముంది, ప్రతి చోటికీ పావుగంట ఆలస్యంగా చేరడం, అక్కణ్ణించి ఉరకడం. సందుల్లో రిక్షాలు, మూటలు మోసేవాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికులు. కాలు పెట్టే సందు లేదు. ఆ జనం మీద మా గరిటె మెరుస్తూ పోయేది, మేము దాని వెంట పడి నడిచేవాళ్ళం.

రాత్రి లాడ్జిలో అందరూ చెప్పుకొచ్చారు. నర్సింగరావు గారు స్తూపమున్న స్వయంభూ కొండ గురించి ఉపన్యాసమే ఇచ్చారు. ఆయన అశోక్ నగర్‌లో ఇల్లున్న రిటైర్డ్ ఆఫీసరు. పై గదులు సర్కారు పరీక్షలకు చదివే పిల్లలకు కిరాయికిచ్చారు. ఆయన భార్య భారతమ్మ ఇల్లు, తాళాలు కనిపెట్టుకుని ఉండడంతో ఎక్కడికీ కదిలింది లేదు. ఊరు దాటి ఇంతదూరం రావడం ఆమెకు అదే మొదలు. ఆమె వంతు వచ్చింది.

"ఏం చెప్పాలె బిడ్డా. నేను చెప్పుల దగ్గర కూసున్న."

"ఎక్కడమ్మా?" అంది ప్రమీలక్క.

"అన్ని దగ్గర్ల."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పొద్దున పశుపతి గుడి దగ్గర ఎవరో "జర చూస్తుండమ్మా" అన్నారట. ఆమె కూర్చుంది. తర్వాతి చోట ఎవరూ అడగను కూడా లేదు, చెప్పులు విడిచి, సంచులు ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు. కొండ కింద కోతుల నుంచి మా సంచులు కాపాడుతూ కూర్చుంది, కొండ మాత్రం ఎక్కలేదు.

"ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అట్ల కూసునుడే ఇష్టం" అన్నారు నర్సింగరావు గారు.

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయి" అంది భారతమ్మ నేల చూస్తూ.

"తప్పు నాది" అంది ప్రమీలక్క. "బస్సెక్కినప్పుడల్లా తలకాయలు లెక్కపెట్టిన. సరిపోయినయని ఊకున్న. రేపు బస్సు ఆరింటికి కాదు, పదింటికి."

గొడవ లేచింది. బార్డరు దగ్గర రాత్రి పడుకోవడానికి గదులు మాట్లాడి ఉన్నాయి. ఆలస్యమైతే నిద్ర బస్సులోనే. "ఒక్క మనిషి కోసం ఇంతమంది పరేషాన్ కావాల్నా?" అన్నారు నర్సింగరావు గారు.

"ఇంతమంది కోసం ఒక్క మనిషి దినమంత కూసున్నది గద సార్" అంది ప్రమీలక్క.

ఒక్కొక్కరే లేచి పడకలు సర్దుకున్నారు. తన కింద పనిచేసే పిల్ల ముందు, నమ్మి వెంట వచ్చినవాళ్ళ ముందు, "తప్పు నాది" అనగలిగిన యజమానిని నేను మళ్ళీ చూడలేదు.

తెల్లవారి ప్రమీలక్క లాడ్జి గుమ్మంలో సామాన్ల మీద కూర్చుని గరిటె నా చేతికిచ్చింది. "సార్, మీరు గూడ జర నాకు తోడు కూసోండ్రి" అంది. నర్సింగరావు గారు పెట్టె మీద కూర్చున్నారు. భారతమ్మను కొండకు తీసుకుపోదామనుకున్నాను. ఆమె వద్దంది. "గుళ్ళు మన దగ్గర గూడ ఉన్నయి బిడ్డా. ఇక్కడోళ్ళు పొద్దుగాల ఏం జేస్తరో సూపియ్యి."

పాత బజారులో తిరిగాం. అప్పుడే దుకాణాలు తెరుస్తున్నారు. ఆవనూనె వాసన, ముల్లంగి కట్టలు, బంతిపూల దండలు. ఆమె ఇత్తడి బిందెలు తట్టి చూసింది, తెలియని ఆకుకూరలు తుంచి వాసన చూసింది. దారిలో చిన్న గుడి వస్తే చెప్పులు విడిచి, అలవాటుగా వాటి పక్కనే నిలబడిపోయింది. "మీరు పోండమ్మా, నేనుంట" అన్నాను. తిరిగి తిరిగి చూస్తూ లోపలికి వెళ్ళింది. ఆమె వచ్చేదాకా అక్కడ నిలబడితే తెలిసింది, చెప్పుల దగ్గర పొద్దు ఎంత నెమ్మదిగా గడుస్తుందో.

బస్సు కదిలాక ప్రమీలక్క అడిగింది. "ఇప్పుడు చెప్పమ్మా, ఏం చూసినవ్?"

"ఒకామె మేడ మీది కిటికీలకెల్లి తాడుతోని గంప దించింది. కూరగాయలామె గంపల టమాటలేసింది. మంచియి కావని మీదామె మళ్ళ కిందికి పంపింది. బేరమంత అయ్యేదాక నిలబడి చూసిన" అంది భారతమ్మ. మళ్ళీ తనే, "పోంగ పోంగ ఆమె నా దిక్కు చూసి చెయ్యి ఊపింది. నేను గూడ ఊపిన" అంది. ఆ రాత్రంతా నడుములు విరిగేలా బస్సులో కూర్చున్నాం. ఒక్కరూ సణగలేదు.

ఆ తర్వాతి యాత్రల్లో చెప్పుల కాపలా వంతులవారీగా నడిచింది. మొదటి వంతు ఎప్పుడూ ప్రమీలక్కదే. బస్సెక్కగానే తలలు లెక్కపెట్టడం మానలేదు గానీ, దానికి ముందు "చెప్పుల దగ్గర ఎవరున్నరు?" అని అరిచేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పెళ్ళికి పోయినా, పేరంటానికి పోయినా నా కళ్ళు ముందు అలా వెనక మిగిలిపోయిన మనిషినే వెతుకుతాయి. వంటింట్లోనో, పిల్లల ఉయ్యాల దగ్గరో, మూటల పక్కనో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.

మొన్న గుడి దగ్గర మా ఆడపడుచు కొత్త కోడలు అందరి సంచులూ భుజాలకు తగిలించుకుని ఆ చెప్పుల గుట్ట పక్కన నిలబడి ఉంది.

"నువ్వు లోపలికి పో బిడ్డా, నేనుంట" అన్నాను.

"ఏం కాదత్తమ్మా, నాకలవాటే" అంది.

ఆ మాట విన్నాక ఒక్కొక్క సంచీ ఆమె భుజం మీంచి తీసుకున్నాను. చాలాసేపటికి తిరిగొచ్చింది, నుదుట కుంకుమ చెమ్మగా ఉంది.

"ఏం చూసినవ్?" అని అడిగాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. తర్వాత మెట్టు మీద నా పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.