నేల మీద పెట్టిన బ్యాట్

మా తమ్ముడు అనిబల్‌ని పిరికివాడన్న వాడికి నా కొట్లో వేపుడు చేప దొరకదు. ఆకలితో కళ్లు తిరిగి పడిపోయినా సరే, పక్క వీధికి పోవలసిందే. సాన్ పెద్రో స్టేడియం గేటు పక్కన పెనం పెట్టుకుని బతుకుతున్నదాన్ని, నాకు బేస్‌బాల్ గురించి ఎవడూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

అనిబల్ క్యాచర్. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, బంతి ఎక్కడ వేయాలో పిచర్‌కి వేళ్లతో సైగ చేస్తాడు. చిన్నప్పుడు చెరకు మిల్లు వెనక బయల్లో ఆడుకునేటప్పుడు ఆ చోటికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు, దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి కనక. వీడు ఒప్పుకున్నాడు. మీసాలు కూడా రాకముందే ఒక అమెరికా జట్టు ఎత్తుకుపోయింది. ఇక ఏళ్ల తరబడి కింది స్థాయి జట్లలో ఆడుతూ, బస్సుల్లో నిద్రపోతూ, ఎండు రొట్టెలు తింటూ మోకాళ్లు అరగదీసుకున్నాడు. ముప్ఫైకి దగ్గర పడ్డాక, పెద్ద జట్టు క్యాచర్‌కి వేలు విరిగితే అప్పుడు గుర్తొచ్చాడు వాళ్లకి. ఆ కబురు విని అమ్మ వీధంతా వినపడేలా ఏడ్చింది.

నెల తిరక్కుండానే వెనక్కి పంపేశారు. ఆ తర్వాత ఏ జట్టూ పిలవలేదు. ఇప్పుడు చలికాలం పోటీల్లో మా ఊరి జట్టుకి ఆడుతున్నాడు. వాడికి గుండె ధైర్యం లేదు, అందుకే నిలవలేకపోయాడని ఊళ్లో ప్రతి వెధవా అంటాడు.

నిజం నాకు తెలుసు. మా వీధివాడే యామిల్, అనిబల్ తోక పట్టుకు తిరిగి ఆట నేర్చుకున్నవాడు, అక్కడ వీడి ఆఖరి ఆట రోజున ఎదుటి జట్టులో ఉన్నాడు. బంతిని గోడ అవతల పడేసి, బ్యాట్ గాల్లోకి గిరాటేశాడు. మా ఊళ్లో అలా విసరకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అక్కడ మాత్రం అది అవమానమట! మళ్లీ బ్యాట్ పట్టుకుని వచ్చినప్పుడు బంతితో కొట్టి బుద్ధి చెప్పాలట! యామిల్ మళ్లీ వచ్చాడు. అనిబల్ తన జట్టుని ఆడించే మేనేజరు వైపు చూశాడు. ఆ ముసలి పీనుగు చేయి పైకెత్తి తన టోపీ ముట్టుకున్నాడు. పక్కటెముకలకి కాదు, తలకి వేయించమని!

అనిబల్ ఆ సైగ పిచర్‌కి అందించలేదు. దూరంగా వేయమన్నాడు. మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకోమన్నారు.

ఇదంతా నాకు చెప్పి అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. "యామిల్‌కి మాత్రం చెప్పకక్కా. తెలిస్తే వాడిక బ్యాట్ విసరడు. భయపడుతూ నిలబడతాడు."

ఈ చలికాలం యామిల్ మెడలో లావుపాటి గొలుసుతో ఊళ్లోకి దిగాడు. ఇక్కడ వాళ్లిద్దరిదీ ఒకటే జట్టు. మొన్న నా కొట్టు ముందు పదిమందిలో నోరు పారేసుకున్నాడు.

"ఏం అన్నా, నెల కూడా ఉండలేకపోయావే! అక్కడి చలికి దడిసి పారిపోయొచ్చావా?"

"అవున్రా, దుప్పటి మర్చిపోయాను," అని నవ్వేసి అనిబల్ స్టేడియం లోపలికి వెళ్లిపోయాడు. అందరూ పగలబడి నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది.

"ఇటు రారా," అన్నాను.

"ఏంటక్కా, చేప మాడిందా?"

"నీ తల పగలాల్సింది! ఎందుకు పగల్లేదో తెలుసా?"

అంతా కక్కేశాను. యామిల్ నవ్వు ఆగిపోయింది. "ఒంటికి తగిలితే రుద్దుకుని పోయేవాణ్ణి. తలకా అక్కా?" అంటూ కణత తడుముకున్నాడు. చేప అలాగే వదిలేసి వెళ్లాడు. నాకైతే గుండె బరువు దిగినట్టయింది.

ఆ సాయంత్రం నేనూ లోపలికెళ్లి చూసిన ఆటలో యామిల్ కొట్టిన బంతి గోడ దాటింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. వాడు వంగి, రెండు చేతులతో బ్యాట్‌ని నేల మీద పెట్టాడు. తల దించుకుని పరుగెత్తాడు. జనంలో బాకా ఊదేవాడు మధ్యలో ఆపేశాడు. "ఒంట్లో బాగాలేదేమో," అంది నా వెనకావిడ.

ఆట అయ్యాక అనిబల్ కొట్టుకి వచ్చాడు. పళ్లెం పెడితే పక్కకి తోసేశాడు.

"చెప్పేశావు కదూ?"

"చెప్పాను! పదిమందిలో నిన్ను వెక్కిరిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవాలా?"

"వెక్కిరిస్తే నాకేం పోయిందక్కా? వాడు బ్యాట్ విసిరినప్పుడల్లా నేను చేసింది వృథా కాలేదనుకునేవాణ్ణి." పళ్లేన్ని ఇంకా దూరం నెట్టాడు. "ఆ ముసలోడి సైగ నేను నా దగ్గరే ఆపాను. నువ్వు తీసుకెళ్లి వాడికి అందించావు."

వాడు వెళ్లిపోయాడు. ఆ మేనేజరు ఈ పాటికి ఎక్కడో కాళ్లు చాపుకుని హాయిగా కాఫీ తాగుతుంటాడు, నా పేరు కూడా తెలియదు వాడికి. చేతిలోని గరిటెని గోడకేసి కొట్టాను.