టీచరమ్మ విమానాన్ని ఆపిన వైనం

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. ఇంట్లో వదిన మొదట వేళాకోళానికి అలా పిలిచి, చివరికి అదే పిలుపు చేసుకుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎంతమందికి కారు నేర్పిందో ఆమెకే లెక్క లేదు. "నడపడానికేముంది, ఎవరైనా నడుపుతారు. ఆపడం వచ్చిందా, అది చెప్పండి" అనేది. కొత్తవాళ్ళు ఆమె మాటకు జంకేవారు గానీ, ఆమె బండిలో తప్ప ఎక్కనని పట్టుబట్టేవారు కూడా వాళ్ళే.

అలాంటి మనిషికి ఒక కన్ను పోయింది. కంటి లోపలి పొర ఊడిందని డాక్టరు ఆపరేషన్ చేశాడు. కుదరలేదు. మళ్ళీ చేశాడు. చూపు మాత్రం తిరిగి రాలేదు. రెండో కన్ను నిక్షేపంగా ఉంది, కానీ ఒంటికంటితో ఏది ఎంత దూరంలో ఉందో అంచనా చిక్కదు. గ్లాసులో నీళ్ళు పోయబోతే బల్ల మీద పడేవి. ఇక కారులో పాఠాలు వద్దన్నారు. స్కూలు ఓనరు చెడ్డవాడేం కాదు. ఆమెను మానిపించకుండా ముందుగదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఫోను ఎత్తడం, ఎవరికి ఏ పూట క్లాసో చెప్పడం ఆమె పని. కార్లు గేటు దాటుతున్నప్పుడల్లా బల్ల కింద ఆమె కాలు తనంతట తానే నేలను నొక్కేది.

ఇంట్లో వదిన కుట్టుమిషను ఉన్న గదిలోనే అన్న కంప్యూటర్ కూడా ఉండేది. అన్న కోల్డ్ స్టోరేజీలో మెకానిక్. విమానం నడిపే ఆట ఒకటి అందులో పెట్టించుకుని, ఇంజన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ పెట్టె ఎవరి దగ్గరో పాతది తెచ్చుకుని, నెల తిరక్కుండానే మొహం మొత్తి వదిలేశాడు. ఒక ఆదివారం ఏమీ తోచక టీచరమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు.

ఆమెను కట్టిపడేసింది విమానం కాదు, తెర. తెరకు లోతు లేదు. రెండు కళ్ళూ ఉన్నవాడైనా అక్కడ దూరాన్ని రన్‌వే ఆకారం చూసి, ముందున్న అంకెలు చూసి లెక్కగట్టుకోవాల్సిందే.

"వదినా, ఈ తెర ముందు అందరూ ఒంటికంటివాళ్ళే" అంది.

వదిన సూదిలో దారం ఎక్కిస్తూ, "అయితే నీకేం తక్కువలే. కానియ్యి" అంది.

ఎగరడం తొందరగానే పట్టుబడింది. దిగడం కాస్త ఆలస్యమైంది. ఆగడం దగ్గర మాత్రం చుక్కెదురైంది. కొండ మీదున్న ఒక పొట్టి రన్‌వేను ఎంచుకుంది. దాని చివర లోయ. చక్రాలు చక్కగా ఆనేవి, బ్రేకు నొక్కేది, అయినా వానలో తడిసిన నేల మీద విమానం జారుకుంటూ పోయి లోయలో పడేది.

"సులువైన చోట దిగరాదూ? అంత చోటుండగా ఆ కొండే దొరికిందా నీకు?" అంది వదిన.

"అక్కడ ఆగితేనే ఆగినట్టు."

బ్రేకు ఒక్కటే చాలదని చదివి తెలుసుకుంది. పెద్ద విమానాలు నేలను తాకగానే ఇంజన్ గాలిని ముందుకు మళ్ళిస్తాయి. ఆ గాలే వేగాన్ని చంపుతుంది. రివర్స్ థ్రస్ట్ అంటారు. థ్రాటిల్ పిడిని కిందికి లాగి, ఇంజన్ ఊరికే తిరిగే చోటును చూపే గీత దాటించి ఇంకా వెనక్కి లాగాలి. లాగింది. ఏమీ కాలేదు. పిడి అడుగు దాకా వెళ్ళింది, విమానం లోయలోకి వెళ్ళింది.

పిడి కదలికను చూపే పేజీ ఒకటి వెతికి తెరిచింది. పిడిని దించుతుంటే తెర మీద ముల్లు కూడా దిగుతోంది. గీత దగ్గర సున్నాకు వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి పిడి ఎంత వెనక్కి లాగినా ముల్లులో చలనం లేదు. కానీ పక్కన చిన్న దీపం ఒకటి వెలిగింది. మళ్ళీ పైకి తోస్తే ఆరింది. ఆమెకు విషయం బోధపడింది. గీత కింద అది పిడి కాదు, ఒక మీట. ఆ మీట ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది ఏమీ చెయ్యడం లేదు.

దానికి రివర్స్ పని అప్పగించింది. ఈసారి ఇంజన్ ఒక్కసారి దగ్గినట్టు దగ్గి ఊరుకుంది. ఒక నొక్కుకు ఒక్కసారే పనిచెయ్యమని ఉంది అక్కడ. నొక్కి ఉంచినంతసేపూ అని మార్చింది. మర్నాడు స్కూలు నుంచి రాగానే చెప్పులు విడిచి నేరుగా కుర్చీలో కూర్చుంది. దిగింది, లాగింది. ఇంజన్ హోరెత్తింది. లోయ ఇంకా దూరంలో ఉండగానే విమానం ఆగింది.

ఆగి, నెమ్మదిగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

కుట్టుమిషను ఆపి వదిన తెరవైపు చూసింది. "ఇదేంటి టీచరమ్మా, విమానాన్ని షెడ్డులో పెడుతున్నావా?"

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ కన్ను పోయాక టీచరమ్మ అలా నవ్వడం వదిన చూడలేదు.

మీట నొక్కి ఉంచితే రివర్స్ పెరుగుతోంది గానీ, వదిలినా తగ్గడం లేదు; పిడి పైకి తోసి దీపం ఆరగానే అది కూడా ఆగేలా ఇంకో పని జతచేశాక ఆ తంటా తీరింది. కానీ అసలు తంటా అప్పుడు బయటపడింది. గీత దగ్గర పిడిని ఆపాల్సిన గాడి పాతబడి అరిగిపోయింది. దిగేటప్పుడు జోరు తగ్గిద్దామని పిడి దించితే అది గీత దాటి జారిపోయేది. గాల్లో ఉండగానే రివర్స్ పడి విమానం రాయిలా కూలిపోయేది. ఒక్కొక్కసారి రన్‌వే కళ్ళెదురుగా ఉండగానే.

"ఇది తెర మీద సరిచేసే పని కాదు. చెయ్యికి తెలియాలి, ఇదిగో ఇక్కడ హద్దు అని" అంది విసుగ్గా.

వదిన లేచి వచ్చి పిడిని తానూ ఒకటి రెండుసార్లు ఆడించి చూసింది. గుండీల డబ్బా తెచ్చి బోర్లించింది. కోటుకు కుట్టే లావుపాటి గుండీ ఒకటి ఏరి, కత్తెరతో సగానికి విరిచి, అంచు గరుకుకాగితంతో నున్నగా రుద్దింది. పెట్టె పక్కన, గీతకు సరిగ్గా ఎదురుగా బంకపెట్టి అతికించారు. ఆరేదాకా ముట్టుకోవద్దని వదిన కాపలా కాసింది. ఆరాక పిడి అక్కడికి వచ్చి టక్కున ఆగింది. దాటించాలంటే కావాలని పైకెత్తి లాగాలి.

తర్వాతి ఆదివారం కొండ రన్‌వే మీద వాన పెట్టుకుని దిగింది. చక్రాలు ఆనాయి. పిడి గుండీని దాటింది. హోరు. మనిషి నడకంత నెమ్మదయ్యేసరికి పిడి పైకి తోసింది. విమానం నడిమి గీత మీద నిలబడింది. టీచరమ్మ దాన్ని మళ్ళీ గాల్లోకి లేపింది. తర్వాత మళ్ళీ దిగింది. మళ్ళీ ఆగింది.

ఆ వారంలోనే ఒక నర్సు స్కూలుకు వచ్చి చేరింది. నడివయసు మనిషి. మొదటిరోజు రోడ్డెక్కి తిరిగొచ్చి, బల్ల దగ్గర నిలబడి, "నావల్ల కాదమ్మా, నా పేరు కొట్టేయండి. ఎదురుగా లారీ వస్తే నా కాళ్ళు నా మాట వినడం లేదు" అంది.

టీచరమ్మ పేరు కొట్టేయలేదు. లోపలికి వెళ్ళి ఓనరు ముందు నిలబడింది.

"సార్, వెనకగదిలో టైర్లు తీయించండి. ఒక కంప్యూటర్, స్టీరింగు, పెడల్స్ పెట్టుకుంటాను. భయపడేవాళ్ళను ముందు నా దగ్గరికి పంపండి."

"ఆటబొమ్మతో కారు నేర్పుతారా టీచరమ్మా?"

"కారు మీవాళ్ళే నేర్పుతారు. నేను భయం తీస్తాను. తెర మీద లారీ గుద్దినా ఎవరికీ ఏమీ కాదు. ఎన్నిసార్లయినా గుద్దుకోవచ్చు."

ఓనరు బుర్ర గోక్కున్నాడు. "మరి ఫోన్లు ఎవరెత్తుతారు?"

"మధ్యాహ్నం దాకా నేనే. ఆ తర్వాత మీరెత్తండి. నన్ను ఈ బల్లకు కట్టేయకండి సార్."

ఆమె గొంతు పెంచలేదు. అక్కణ్ణుంచి కదలనూ లేదు. ఓనరు చివరికి సరేనన్నాడు, కానీ టైర్లు మోయడానికి మనుషుల్ని ఇవ్వనన్నాడు. ఆమె చీరకొంగు దోపుకుని తానే ఒక్కొక్క టైరూ దొర్లించుకుపోతుంటే, చూడలేక తనూ వచ్చి ఒక చెయ్యి వేశాడు.

నర్సు మొదటి మధ్యాహ్నం మూడు లారీలను గుద్దింది. నాలుగోదాని ముందు ఆగింది. ఆగి, బ్రేకు మీద కాలు తీయకుండానే టీచరమ్మవైపు తిరిగి, "ఆగిందండీ" అంది, ఎవరో ఆపినట్టు.

"మీరు ఆపితే ఆగింది. మళ్ళీ ఆపండి."

వాళ్ళ మాటలు వింటూ ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. నర్సు వెళ్ళాక లోపలికి వచ్చి, ఎటో చూస్తూ, "ఇంకా ఇద్దరున్నారు ఇలాంటివాళ్ళు. రేపు రమ్మననా?" అన్నాడు.

"ఇద్దర్నీ ఒకేసారి వద్దు సార్. విడివిడిగా రమ్మనండి" అంటూ టీచరమ్మ కింద కూర్చుని, వదులైన పెడల్ మర బిగించడం మొదలుపెట్టింది.