కుడిచేతి అడుగులు

ఏలూరు తివాచీల అందాన్ని పొగిడేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ మగ్గం ముందు కూర్చోరు. మహబూబ్ బీ కూర్చుంటుంది, ముప్పై ఎనిమిదేళ్ళుగా. నిలువు దారాలకు ఉన్ని ముడివేసి, కత్తితో తెంపి, వరుస పూర్తవగానే ఇనప దువ్వెనతో టకటకా కొట్టి బిగించడం ఆమె పని. చేతులు ఆగవు, కాళ్ళు కదలవు. యాభై ఆరేళ్ళకు షుగరు వచ్చింది. రోజుకు ఆరు వేల అడుగులు నడవాలనీ, మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవనీ డాక్టరు చెప్పాడు.

కూతురు ఉజ్మా బట్టల షోరూములో బిల్లింగ్ చేస్తుంది. ఆ వారంలోనే స్మార్ట్‌వాచీ కొనుక్కొచ్చి తల్లి ఎడమచేతికి కట్టింది.

"ఫోనూ అడుగులు లెక్కపెడుతుందన్నావు కదే, మళ్ళీ ఇదెందుకు?"

"నీ ఫోను రోజంతా కిటికీలోనే ఉంటుంది అమ్మీ. నడవాల్సింది నువ్వా, కిటికీయా?"

పక్కింటి వీరరాఘవమ్మతో కలిసి మహబూబ్ బీ వారం రోజులు తమ్మిలేరు గట్టు మీద నడిచింది. మడమ నొప్పి, పైగా ఆర్డరు తివాచీ తొందర. ఎనిమిదో రోజు మానేసి మగ్గం దగ్గరే కూర్చుంది. సాయంత్రం చూస్తే వాచీలో రెండు వేల అడుగులున్నాయి. చెయ్యి ఆడినా అది అడుగుగానే లెక్కపెడుతోందని అర్థమైంది. మర్నాడు వాచీని దువ్వెన పట్టే కుడిచేతికి మార్చింది. ఏడు వేలు దాటాయి.

"అబ్బో, వీరరాఘవమ్మ గారిని మించిపోయావే!" అంది ఉజ్మా.

"మరేమనుకున్నావు!"

గోడ మీదుగా వీరరాఘవమ్మ అడిగింది. "ఎప్పుడు నడుస్తున్నారండీ మీరు, గట్టు మీద కనిపించడమే లేదు?"

"మీరు లేవకముందేనండీ."

ఫోను ఉండగా వాచీ దండగ కదా అని అడిగేవాళ్ళకు చెప్పవలసింది ఒక్కటే. తనకోసం తాను చూసుకునేవాళ్ళకు అది పనికొస్తుంది. ఇంకొకరికి చూపించడానికి కట్టుకుంటే మాత్రం, అడిగినన్ని అబద్ధాలు అంకెల్లో ఇస్తుంది. కిటికీలోని ఫోను కనీసం నోరు మూసుకుని ఉండేది.

మూడు నెలలకు షుగరు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఉజ్మా తన తల్లి అడుగుల పట్టిక డాక్టరుకు గర్వంగా చూపించింది. గది తలుపు తెరిచే ఉంది. బయట బల్లల మీద పదిమంది కూర్చుని వింటున్నారు.

"ఇంత నడిచినా పెరిగిందంటే లోపం తిండిలోనే. వంట ఎవరమ్మా?"

"నేనేనండీ."

"చదువుకున్నదానివి. ఆవిడకి అన్నం కుమ్మరించి పెడుతుంటే నడక ఏం చేస్తుంది? తల్లి ప్రాణం మీదకి తెస్తావా?"

బయట ఎవరో "అయ్యో" అన్నారు. ఉజ్మా తల వంచుకుంది. మహబూబ్ బీ కొంగు లాగి కుడిచెయ్యి కప్పుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం వండలేదు. ఉజ్మా కూడా రెండు జొన్నరొట్టెలు తిని పనికి పోతోంది.

"నీకెందుకే ఈ శిక్ష?" అంది తల్లి నాలుగో రోజు.

"నేను అన్నం తింటుంటే నువ్వు ఊరుకుంటావా? తప్పు నాదే అమ్మీ, చూసుకోలేదు."

మహబూబ్ బీ లేచి కూతుర్ని మగ్గం దగ్గరికి పిలిచింది. కూర్చుని దువ్వెనతో ఇరవై దెబ్బలు కొట్టి చెయ్యి చాపింది. వాచీలో అంకె పెరగడం ఉజ్మా చూసింది.

"అంటే... మూడు నెలలూ ఇంతేనా?"

"ఊఁ."

"ఆ రోజు డాక్టరు ముందే చెప్పొచ్చుగా!"

"పదిమందిలో సిగ్గేసిందే."

"నీకు సిగ్గేసింది. మరి నాకు?"

మర్నాడు పొద్దున్నే మహబూబ్ బీ ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. తన వంతు వచ్చాక తలుపు మూయనివ్వకుండా గుమ్మంలోనే నిలబడి, బయటికి వినపడేలా అంతా చెప్పింది. డాక్టరు పగలబడి నవ్వాడు. "భలేదానివమ్మా, కూర్చుని వాకింగా!" బల్లల మీదివాళ్ళూ నవ్వారు.

"మా అమ్మాయి తప్పు ఏమీ లేదండీ."

"సర్లే అమ్మా," అని తలెత్తకుండానే ఇన్సులిన్‌కి చీటీ రాసిచ్చి తర్వాతివాళ్ళని పిలిచాడు.

బయటికి వచ్చి ఆమె బల్లల మీది ముఖాలను ఒక్కొక్కటే చూసింది. ఉజ్మా తిట్లు తిన్న రోజు అక్కడ కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు.