రైట్ అననిదే కదలని మనిషి

మస్తాన్ వలి ఇక లేడు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం గుంటూరు ఆసుపత్రిలో అతని గుండె ఆగిపోయింది. పొద్దున నేను తెచ్చిన ఇడ్లీ తింటూ "చట్నీలో కారం లేదేందిరా, ఇది గుంటూరేనా?" అని విసుక్కున్న మనిషి మధ్యాహ్నానికి లేడన్న మాటను నా బుద్ధి ఇప్పటికీ అంగీకరించడం లేదు. మరణం అనివార్యమని ఎందరి సంతాపసభల్లోనో గంభీరంగా ఉపన్యసించినవాణ్ణి. ఆ వార్డు గుమ్మం దగ్గర ఆ వాక్యాల్లో ఒక్కటీ నాకు అక్కరకు రాలేదు.

చిలకలూరిపేట డిపోలో పనిచేసినవారికి అతన్ని పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. అతను ఎర్రబస్సు డ్రైవరు, నేను అతని కండక్టర్ని. మా ఉద్యోగజీవితంలో అధికభాగం పేట నుంచి అద్దంకి, దర్శి మీదుగా పొదిలి పోయి వచ్చే బస్సులోనే గడిచింది. ఈ వ్యాసంలో అతన్ని 'గారు' అని రాస్తే ఎక్కడున్నా నవ్వుతాడు. నేను ప్రైవేటుగా చదివి తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన నాటి నుంచి నన్ను 'పండితా' అని పిలిచేవాడు. అందులో గౌరవం పావలా, వెటకారం ముప్పావలా.

కండక్టరు 'రైట్' అంటే బస్సు కదలాలి, 'హోల్డాన్' అంటే ఆగాలి. ఇది అన్ని బస్సుల్లోనూ ఉన్న ఆచారమే. అయితే కొందరు డ్రైవర్లు కండక్టరు నోరు తెరవకముందే గేరు వేస్తారు. మస్తాన్‌కు మాత్రం ఆ రెండు మాటలు వేదవాక్కులు. ఒకసారి పత్తితీతల కాలంలో దర్శి బస్టాండులో బస్సు కిక్కిరిసి ఉంది. ఒక ముసలమ్మ మూట పైకెక్కించడానికి నేను వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికి వెళ్లాను. ఇంతలో పై అధికారి ఒకాయన వచ్చి టైము దాటిందని కేకలు మొదలుపెట్టాడు.

"బండి తియ్యవయ్యా!"

"కండక్టరు రైట్ అనలేదండి."

"నేను చెబుతున్నాను గదా."

"టాపు మీద ఎవరన్నా ఉన్నారేమో మీరు చూశారాండి? నేనూ చూళ్లేదు. చూసినోడు చెప్పాల."

ఆ జవాబుకు బహుమానంగా మరునాడు మెమో వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నాతో టీ తాగుతూ, "ఇంజను నాది, మనుషులు నీవాళ్లు. నీవాళ్లు ఎక్కారో లేదో నాకెట్టా తెలుస్తదిరా?" అన్నాడు. ఉద్యోగధర్మం మీద నేను చదివిన గ్రంథాలు చాలా ఉన్నాయి. అందులో ఏదీ ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు.

పదవీ విరమణ తర్వాత స్పిన్నింగు మిల్లు ఎదుట టీ కొట్టు మా డిపో అయింది. నేనూ, మస్తానూ, మా మెకానిక్ ఎల్లమందా సాయంకాలాలు అక్కడ కూచునేవాళ్లం. ఒకనాడు మస్తాన్ ఉన్నట్టుండి, "పొదిలి రోడ్డు మీద ప్రతి గుంటా నాకు తెలుసు. నాకు తెలియని మలుపు ఒకటి తిప్పాలని ఉందిరా" అన్నాడు. ఏదో సరదాకి అన్నాడనుకున్నాం. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఎడమకంటికి నీటికాసుల జబ్బు వచ్చింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. ప్రస్తుతానికి పగటిపూట బండి నడపవచ్చు, చూపు తగ్గినట్టు తోస్తే అదే క్షణాన మానుకోవాలి. అంటే ఆ తెలియని మలుపు ఇప్పుడు తిప్పకపోతే మరెప్పుడూ తిప్పలేడు.

ఆ మాట విన్నాక ఎల్లమంద ఊరుకోలేదు. మూలపడ్డ ఒక స్కూలు వ్యాను సంపాదించి, దాన్ని విప్పి, బిగించి, మళ్లీ మనిషిని చేశాడు. పాస్‌పోర్టు అడగని పరదేశం, మనలాగే ఎడమపక్క నడిచే దేశం నేపాల్ కాబట్టి అక్కడికి పోదామనుకున్నాం. నాకు ముక్తినాథ్ దర్శనం కావాలి, ఎల్లమందకు మంచు ముట్టుకోవాలి, మస్తాన్‌కు రోడ్డు కావాలి. సత్రాలూ లాడ్జీలూ వద్దు, బండి ఎక్కడ ఆగితే అక్కడే వంట, అక్కడే పడక అనుకున్నాం. పసుపుపచ్చ వ్యాను చూసి పేటలో జనం "ఈ వయసులో ఎల్కేజీలో చేరతారా?" అని ఆటపట్టించారు.

బయల్దేరే ముందు మస్తాన్ భార్య మీరాబీ నన్ను పక్కకు పిలిచింది. ఆమె నాకు చెల్లెలితో సమానం.

"అన్నయ్యా, ఆయనకి ఎంత కనపడతందో నాకు చెప్పడు. వద్దంటే జీవితాంతం మనసులో పెట్టుకుంటాడు, అందుకని పొమ్మన్నా. నా మాటకి ఆగే మనిషి కాదు, నీ హోల్డానుకి ఆగుతాడు. అవసరమైతే ఆపు."

ఆపుతానని మాట ఇచ్చాను. పెదకాకాని శివాలయంలో బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అటుపై అక్కడి దర్గాలో ఫాతెహా ఇప్పించి ఉత్తరానికి తిరిగాం. ముగ్గురం ఉన్న బండిలో ఒకడు వెనక సీట్లో పడుకుని ఉన్నా సరే, నేను 'రైట్' అనేదాకా ప్రతిచోటా మస్తాన్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచునేవాడు. వేళాకోళానికి నేను ఆలస్యం చేస్తే, "ఇంకెవరన్నా ఎక్కాలా పండితా?" అని అడిగేవాడు.

మా గుడారం సంగతి చెప్పకుండా ఉండలేను. ఎల్లమంద తన కల్లంలో మిరపకాయలు కప్పే పాత పట్టానే తెచ్చాడు. మిర్చి కాపలాకు దాని కింద ఏళ్లతరబడి పడుకున్నవాడు, దాన్ని మించిన ఇల్లు లేదని అతని నమ్మకం. పొడిగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. సరిహద్దు దాటి పోఖరా చేరిన రోజున వాన కురిసింది. తడిసిన పట్టాలోంచి ఎన్ని కాపుల ఘాటో ఒక్కసారి లేచింది. ముగ్గురం తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వానలోకి పరుగెత్తాం. పక్కన టీ అమ్ముకునే నేపాలీ ఆవిడ ఏమైందో చూద్దామని పట్టా ఎత్తి, తనూ తుమ్మడం మొదలుపెట్టింది. "గుంటూరు మన వెనకే వచ్చిందిరా" అని మస్తాన్ తడుస్తూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే కళ్లలో నీళ్లు వస్తున్నాయి, ఈసారి మిర్చి వల్ల కాదు.

పోఖరా దాటాక కాళీగండకీ లోయ. పల్నాటి రాళ్లూ, పొదిలి మెట్టభూములూ తప్ప ఎరగని నేనూ, ఎల్లమందా ఆ పర్వతాల కొసలు చూడటానికి కిటికీల్లోంచి తలలు బయటపెట్టాం. రోడ్డు ఒక బండికి సరిపోను ఉంది. కుడిపక్క కొండ, ఎడమపక్క అగాధం, అడుగున ఎక్కడో బూడిదరంగు నది. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. వెనక్కి తీయాల్సింది మేమే. నేను దిగి వ్యాను వెనక నిలబడ్డాను. "రానీ, రానీ" అంటున్నాను, వస్తున్నాడు. ఎడమ చక్రం అంచుకు జరుగుతోంది. పొదిలి రోడ్డు మీద అరచెయ్యి వెడల్పున కాలవ పక్కగా బస్సు పోనిచ్చినవాడు, ఇక్కడ తిప్పుతాడులే అనుకున్నాను. తిప్పలేదు. "హోల్డాన్" అని అరిచాను. బండి నిలిచిపోయింది. చక్రం కింది రాళ్లు జారి లోయలో పడ్డాయి, అడుగున పడిన చప్పుడు మాత్రం మాకు వినపడలేదు.

నేను చెప్పినట్టు ముందుకు తీసి, మళ్లీ వెనక్కి తీసి, బస్సుకు దారి ఇచ్చాడు. బస్సు వెళ్లిపోయాక నేను ఎక్కి 'రైట్' అన్నాను. బండి కదల్లేదు. మా ఇద్దరి జీవితంలో నా రైట్‌కు బండి కదలకపోవడం అదొక్కసారే. ఇంజను ఆపేశాడు.

"ఎడమపక్క నాకు కనపడటల్లేదురా. నిన్నటిదాకా మసగ్గా అన్నా ఉంది. ఇవాళ లేదు."

ముక్తినాథ్ ఇంకెంతో దూరం లేదు. ఇంత దూరం వచ్చింది ఆ మలుపుల కోసమే. మీరాబీకి ఇచ్చిన మాట గుర్తున్నా, అతని ముఖం చూసి నా నోటి వెంట వేరే మాట వచ్చింది. "నేను పక్కన కూచుని చెబుతుంటాను, మెల్లగా పోదాం."

అతను నా వైపు తిరిగి శాంతంగా అన్నాడు: "నువ్వు మంచి కండక్టరువిరా. అయితే కండక్టరు మాట డ్రైవరు కంటికి తోడే గానీ, కన్ను కాదు. మనుషులున్న బండి ఇది."

తాళం తీసి ఎల్లమంద చేతిలో పెట్టాడు. దిగి, వ్యాను ముందు నుంచి నడిచి వచ్చి, ఎడమపక్క సీట్లో కూచున్నాడు. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ దిగమనలేదు. జీవితమంతా చేతిలో ఉన్న చక్రాన్ని, జీవితమంతా కోరుకున్న దారి మధ్యలో, నిండు మనసుతో వదిలేశాడు. నేను ఎందరో మహానుభావుల త్యాగాల గురించి చదివాను. కళ్లారా చూసింది మాత్రం ఇదొక్కటే. ఆ కొండల కంటె అతనే నాకు ఎత్తుగా కనపడ్డాడు.

ఎల్లమంద మెల్లగా నడుపుతున్నాడు. ఒకచోట మబ్బు విడింది. ఆకాశం సగానికి మంచుకొండ నిలబడి ఉంది. మస్తాన్ తల పూర్తిగా తిప్పి, ఉన్న చూపునంతా అటు పెట్టాడు. తర్వాత చిన్నగా అన్నాడు.

"నడిపినన్నాళ్లూ రోడ్డే చూశాను. పక్కన ఇంత ఉంటదా?" నా వైపు తిరిగి మళ్లీ అడిగాడు. "ఏరా పండితా, మన పొదిలి రోడ్డు పక్కన కూడా ఏమన్నా ఉండేదా?"

ఉండేదన్నాను. అద్దంకి దాటాక పత్తి పగిలి చేలు తెల్లబడతాయనీ, ఎండాకాలం ముందు కల్లాల నిండా మిరపకాయలు పరిస్తే నేలంతా ఎర్రబడుతుందనీ చెప్పాను. "అయితే అదీ చూడాల" అన్నాడు.

అన్నమాట ప్రకారం చూశాడు. ఇంటికి వచ్చాక మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. వారానికొకసారి నన్ను వెంటబెట్టుకుని పొదిలి బస్సెక్కేవాడు. చూపున్న కంటివైపని కుడిపక్క కిటికీ సీటు కోసం చిన్నపిల్లాడిలా పోట్లాడేవాడు. కల్లం కనపడితే నా మోచెయ్యి పొడిచి, "ఇది ఎప్పటినుంచి ఉందిరా?" అని అడిగేవాడు. ఎప్పటినుంచో ఉందనేవాణ్ణి. చూపు రోజురోజుకూ తగ్గుతున్న మనిషి ప్రపంచాన్ని రోజురోజుకూ ఎక్కువగా చూడటం నేను అతని దగ్గరే చూశాను. ఆ దారిలో బస్సులు ఇకముందు కూడా తిరుగుతాయి, డ్రైవర్లు వస్తారు. అంత పట్టుగా పట్టుకుని, అంత తేలిగ్గా వదలగలిగిన చేతులు మాత్రం మళ్లీ రావు. మస్తాన్, నీకు నా నమస్కారం.

శుక్రవారం సాయంత్రం అతన్ని పేటకు తీసుకుపోవడానికి ఆసుపత్రి ముందుకు ఆంబులెన్సు వచ్చింది. లోపల మీరాబీకీ, ఎల్లమందకూ మాత్రమే చోటుంది. నన్ను వెనక బస్సులో రమ్మన్నారు. తలుపులు వేశారు. డ్రైవరు ఇంజను వేసి, అద్దంలో చూస్తూ "పోదామాండీ?" అని అడిగాడు. కిటికీలోంచి మీరాబీ నా వైపు చూసి, "అన్నయ్యా, నువ్వు చెప్పు" అంది.

అరచేత్తో తలుపు మీద రెండుసార్లు కొట్టి 'రైట్' అన్నాను. మస్తాన్ కదిలాడు. నేను ఎక్కకుండా అతని బండికి రైట్ చెప్పడం నా జీవితంలో అదే మొదలు.